డంపర్ ఆపరేటర్ ట్రైనింగ్‌కు హనుమకొండలో 65 వేలు అడుగుతున్నారు, కట్టాలా వద్దా?

పరకాల_పెద్దోడు

మా తమ్ముడికి 21 ఏళ్లు. ఇంటర్ అయింది, డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాడు. భూపాలపల్లి వెళ్లినప్పుడల్లా బొగ్గు బాయి దగ్గర ఆగి మట్టి, బొగ్గు మోసే డంపర్లు చూస్తాడు. ఓపెన్ కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, డంపర్ ఆపరేటర్ పనే చేస్తానని పట్టుబట్టాడు. కారు లైసెన్స్ తీసుకుని 14 నెలలైంది. హెవీ లైసెన్స్ లేదు.

మూడు చోట్ల కనుక్కున్నాం. హనుమకొండలో ఒక సంస్థ 45 రోజులకు 65 వేలు చెప్పింది. డంపర్, ఎక్స్‌కవేటర్ (మట్టి తవ్వే మెషిన్) రెండూ నేర్పుతారట, చివర్లో డీజీఎంఎస్ (గనుల భద్రత సంస్థ) సర్టిఫికెట్ ఇస్తారట, సింగరేణిలో ఉద్యోగం గ్యారంటీ అట. ఆ గ్యారంటీ మాట కాగితం మీద రాసివ్వమంటే నవ్వి ఊరుకున్నారు. రెండోది కరీంనగర్ దగ్గర. 30 రోజులు, 38 వేలు, ఎక్స్‌కవేటర్ ఒక్కటే, స్కిల్ ఇండియా సర్టిఫికెట్. మూడోది ఒక ఏజెంట్. ఆస్ట్రేలియా మైనింగ్ కోర్సు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేయొచ్చు, లక్షా 80 వేలు అంటున్నాడు.

నాన్న పత్తి అమ్మిన డబ్బులోంచి 70 వేలు దీనికోసం పక్కన పెట్టాడు. అది పోతే మళ్లీ వచ్చే పంట దాకా ఆగాల్సిందే. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా దారి చూపించండి. తమ్ముడేమో రోజూ ఎప్పుడు కడదాం అని అడుగుతున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_జంక్షన్

ఉద్యోగం గ్యారంటీ అన్నచోట మంచినీళ్లు కూడా తాగొద్దు.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

తమ్మీ, నేను 11 ఏళ్లుగా రామగుండం వైపు ఓబీ, అంటే బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టు పనిలో ఉన్నాను. మొదట టిప్పర్, ఇప్పుడు ఎక్స్‌కవేటర్.

సింగరేణిలో డంపర్ అంటే అందులో రెండు వేరు వేరు ఉద్యోగాలున్నాయి. ఒకటి కంపెనీ ఉద్యోగం, ఈపీ ఆపరేటర్ అంటారు. వాళ్లు నడిపేవి 60 టన్నులు, 100 టన్నుల పెద్ద డంపర్లు. ఆ పోస్టుల్లోకి ఎక్కువగా కంపెనీలో ముందు నుంచే ఉన్న కార్మికులు సర్క్యులర్ పడ్డప్పుడు దరఖాస్తు పెట్టుకుని వెళ్తారు. బయటివాళ్లను తీసుకుంటే నోటిఫికేషన్ వేసే తీసుకుంటారు. హనుమకొండలో ఆఫీసు పెట్టుకున్నాయన చేతిలో ఆ ఉద్యోగం లేదు.

రెండోది కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం. బొగ్గు మీదున్న మట్టి, రాయి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లే చేస్తున్నారు. అక్కడ నడిచేవి ఎక్కువగా టిప్పర్లు, ప్రొక్లెయిన్లు (ఎక్స్‌కవేటర్లే). కొత్తగా వచ్చే పిల్లలకు దొరికేది ఈ పనే.

ఎలా తీసుకుంటారో చెబుతాను. మొదట హెవీ లైసెన్స్ ఉందా అని అడుగుతారు. ఉంటే ఫోర్‌మన్ ట్రయల్ పెడతాడు. ఖాళీ బండి ఇచ్చి ర్యాంపు ఎక్కించి దించమంటాడు, మట్టి పోసే డంపు దగ్గర బెర్మ్ (అంచున వేసిన మట్టికట్ట) దాకా రివర్స్ రమ్మంటాడు. పది నిమిషాల్లో ఎవరెంతో తేలిపోతుంది. ట్రయల్ పాసైతే మెడికల్, వీటీసీ (గని వృత్తి శిక్షణ కేంద్రం) ట్రైనింగ్, గేట్ పాస్. ఇన్నేళ్లలో నన్ను ఏ ఫోర్‌మనూ సర్టిఫికెట్ ముందు చూపించమనలేదు.

అందుకే ఆ 65 వేలకు సర్టిఫికెట్ ఏమిస్తారని అడగకు. మా తమ్ముణ్ణి సీటు మీద ఎన్ని గంటలు కూర్చోబెడతారని అడుగు.

సేఫ్టీ_టోపీ

ఓసీపీ అన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. నేను కొన్నేళ్లు వీటీసీలో పాఠాలు చెప్పాను.

డీజీఎంఎస్ అంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ, ధన్‌బాద్‌లో ఉంటుంది. బొగ్గు గనుల్లో మేనేజర్, సర్వేయర్, ఓవర్‌మన్, సర్దార్ లాంటి వాళ్లకు కావాల్సిన సర్టిఫికెట్ల పరీక్షలు దాని కింద జరుగుతాయి. ఆ వరసలో డంపర్ ఆపరేటర్ లేడు. డీజీఎంఎస్ డంపర్ సర్టిఫికెట్ అని ఎవరైనా అమ్ముతున్నారంటే లేనిదాన్ని అమ్ముతున్నట్టే.

వీటీసీ ట్రైనింగ్ సంగతి వేరు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం గనిలో పనికి చేరే కార్మికుడికి, కాంట్రాక్ట్ కార్మికుడైనా సరే, ఆ శిక్షణ ఉండాలి. దాన్ని ఏర్పాటు చేయాల్సింది గని యాజమాన్యం. పనిలోకి తీసుకున్నాక జరిగేది అది, ముందుగా బయట కొనుక్కునేది కాదు. ఆ తర్వాత కూడా ఫలానా మెషిన్ నడపడానికి ఫలానా వ్యక్తికి అనుమతి ఇస్తున్నామని ఆ గని మేనేజర్ రాసివ్వాలి. వేరే గనికి మారితే అక్కడ మళ్లీ తీసుకోవాలి.

పరకాల_పెద్దోడు

వాళ్లు నాకు ఒక సర్టిఫికెట్ చూపించారు. లామినేషన్ చేసి ఉంది, పైన మూడు సింహాల బొమ్మ, కింద డీజీఎంఎస్ నిబంధనల ప్రకారం అని రాసి ఉంది. అది చూసే నమ్మకం కలిగింది.

సేఫ్టీ_టోపీ

ప్రకారం అనే ఆ ఒక్క మాటలోనే ఉంది మతలబు. నిబంధనల ప్రకారం నేర్పామని ఎవరైనా రాసుకోవచ్చు. కింద సంతకం ఎవరిది, ఏ సంస్థ ముద్ర, అది చూడండి.

స్కిల్ ఇండియా సర్టిఫికెట్ అయితే దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. పోయిన బ్యాచ్‌లో చదివిన వాళ్లెవరిదైనా అడిగి స్కాన్ చేసి చూడండి, పేరు, కోర్సు, ఇచ్చిన సంస్థ పోర్టల్‌లో కనపడాలి. ఇచ్చింది మైనింగ్ రంగం స్కిల్ కౌన్సిలా, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిలా అన్నదీ గమనించండి. రెండోది రోడ్లు, బిల్డింగుల పనుల్లో వాడే మెషిన్లది. అది తక్కువదేమీ కాదు, ఎక్స్‌కవేటర్ ఎక్కడైనా ఎక్స్‌కవేటరే. కానీ మైనింగ్ అని చెప్పి అది చేతిలో పెడితే ముందే తెలిసి ఉండాలి.

లెక్కల_లక్ష్మణరేఖ

బ్యాచ్‌లో ఎంతమంది? మెషిన్లు ఎన్ని? అది చెప్తే లెక్క కట్టొచ్చు.

పరకాల_పెద్దోడు

20 మంది అన్నారు. ఒక ఎక్స్‌కవేటర్, ఒక టిప్పర్. రోజుకు నాలుగు గంటలు ప్రాక్టికల్ అట. డంపర్ అని చెప్పింది ఆ టిప్పర్‌నే అని ఇప్పుడు అర్థమవుతోంది.

లెక్కల_లక్ష్మణరేఖ

45 రోజుల్లో ఆరు ఆదివారాలు తీస్తే 39. రోజుకు నాలుగు గంటలంటే 156 గంటలు. 20 మందికి పంచితే ఒక్కొక్కరికి ఒక్కో మెషిన్ మీద 7 గంటల 48 నిమిషాలు. ఒక్క రోజు కూడా వాన పడకుండా, బండి చెడిపోకుండా, అందరూ టైముకు దిగి పక్కవాడికి ఇస్తే.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

ఎనిమిది గంటలంటే మాకు ఒక్క షిఫ్ట్. ఒక్కో మెషిన్ మీద ఒక్క షిఫ్ట్ అనుభవానికి 65 వేలు.

గోదారిఖని_చిన్నా

అందరూ ఇన్‌స్టిట్యూట్ అంటేనే మోసం అన్నట్టు మాట్లాడుతున్నారు. నా సంగతి వినండి. మూడేళ్ల కింద 40 వేలు కట్టి నేర్చుకున్నాను. బ్యాచ్‌లో ఆరుగురమే. నేర్పిన సారు గనిలో 20 ఏళ్లు డోజర్ నడిపి రిటైరైన మనిషి. మొదటి నాలుగు రోజులు స్టార్టే చేయనివ్వలేదు. పొద్దున రాగానే బండి చుట్టూ తిరగాలి. టైరు నట్లు, హైడ్రాలిక్ హోసులు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, కింద నేల మీద ఆయిల్ చుక్కలు పడ్డాయా, అన్నీ చేత్తో ముట్టుకుని నోటితో చెప్పాలి. ఐదో రోజు ఒకడు ట్రాక్ దగ్గర పిన్ను బయటికి వచ్చి ఉంటే చూడకుండా దాటిపోయాడు. సారు ఆ రోజు అతన్ని సీటు ఎక్కనివ్వలేదు. ఆ పిన్ను ముందు రోజు సాయంత్రం ఆయనే లాగి పెట్టాడని తర్వాత తెలిసింది.

కోర్సు అయిన రెండు నెలలకు కాంట్రాక్టర్ దగ్గర చేరాను. ట్రయల్ రోజు నేను బండి చుట్టూ తిరుగుతుంటేనే ఫోర్‌మన్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. కాబట్టి డబ్బు కట్టడం తప్పు కాదు, ఎవరి దగ్గర కడుతున్నాం అనేదే చూసుకోవాలి.

మానేరు_ఒడ్డు

చిన్నా, నీకు దొరికిన సారు లాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారు? నేను ఒక్క రూపాయి కట్టలేదు. మా మేనమామ జేసీబీ మీద హెల్పర్‌గా చేరాను. ఏడాది గ్రీజు కొట్టాను, డీజిల్ మోశాను. మధ్యాహ్నం మామ అన్నం తినే అరగంట నాకు సీటు ఇచ్చేవాడు. అలా నేర్చుకున్నదే ఇప్పుడు అన్నం పెడుతోంది. 70 వేలు జేబులోనే ఉండనీ తమ్మీ, హెల్పర్‌గా పంపు.

గోదారిఖని_చిన్నా

నీకు మేనమామ ఉన్నాడు. మామ లేనివాళ్లు ఏం చేయాలి అన్నా?

సేఫ్టీ_టోపీ

హెల్పర్ దారిని నేను కాదనను. కానీ ఒడ్డు గారూ, ఆ అరగంట సీటు సంగతి గనిలో జరిగితే మాత్రం పెద్ద తప్పు. అనుమతి లేనివాడు గనిలో మెషిన్ తాకకూడదు. ఏదైనా జరిగితే మీ మామ ఉద్యోగమూ పోతుంది, కేసూ అవుతుంది. పొలం గట్ల మీద నేర్చుకున్నారు కాబట్టి సరిపోయింది.

మానేరు_ఒడ్డు

అది నిజమే. మాది చెరువు పూడిక పని. గనిలో ఇలా చేయమని ఎవరికీ చెప్పను.

చెన్నూరు_చెలిమె

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మెడికల్.

నేను 2021లో 52 వేలు కట్టి కోర్సు చేశాను. హెవీ లైసెన్స్ తీసుకున్నాను. ట్రయల్ బాగా చేశాను, ఫోర్‌మన్ సోమవారం నుంచి రమ్మన్నాడు. మెడికల్‌లో చుక్కల పుస్తకం చూపించి అంకెలు చదవమన్నారు. రెండు పేజీలు చదివాను. మూడో పేజీలో నాకు ఉత్త చుక్కలే కనపడ్డాయి. డాక్టరు మళ్లీ చూడమన్నాడు, మళ్లీ చుక్కలే. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదని అప్పుడే తెలిసింది. అప్పటికి నాకు 26 ఏళ్లు. ఒక్కరు కూడా, డబ్బు కట్టించుకున్న సంస్థ కూడా, ముందు కళ్లు చూపించుకో అనలేదు. ఫీజులో సగమైనా వెనక్కి ఇవ్వమంటే కోర్సు పూర్తిచేశాం కదా అన్నారు.

మీ తమ్ముణ్ణి ఏ సంస్థకూ పంపకముందే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అన్నా. దయచేసి.

పరకాల_పెద్దోడు

చెలిమె అన్నా, చదువుతుంటే మనసుకు కష్టమైంది. రేపే తీసుకెళ్తాను.

సేఫ్టీ_టోపీ

చెలిమె గారు చెప్పింది అందరూ రాసిపెట్టుకోండి. గనిలో చేరేముందు జరిగే వైద్య పరీక్ష 1955 నాటి గనుల నియమాల కింద జరుగుతుంది, ఆ రిపోర్టును ఫారం ఓ అంటారు. చూపు, వినికిడి, ఛాతీ ఎక్స్‌రే, బీపీ అన్నీ చూస్తారు. చేరాక కూడా కొన్నేళ్లకోసారి మళ్లీ ఉంటుంది. చెవిలో చీము కారే సమస్య, ఫిట్స్ లాంటివి ఉంటే దాచకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి.

రామప్ప_రాయి

గని అంటే బొగ్గే కాదు. కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి, మంచిర్యాల వైపు సిమెంట్ కంపెనీల సున్నపురాయి గనులున్నాయి. మేము క్వారీలో ఎక్స్‌కవేటర్‌తో దిమ్మెలు పక్కకు జరుపుతాం. మట్టి తీయడం వేరు, 20 టన్నుల రాయిని పగలకుండా పక్కకు దొర్లించడం వేరు. ఎక్స్‌కవేటర్ బాగా వస్తే బొగ్గు, రాయి, రోడ్లు ఎక్కడైనా పని దొరుకుతుంది. పెద్ద డంపర్ ఒక్కటే నేర్చుకుంటే గని గేటు బయట దానికి పని లేదు. రెండింట్లో ఒకటంటే నా ఓటు ఎక్స్‌కవేటర్‌కే.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

రాయి అన్నతో సగం ఒప్పుకుంటాను. ఎక్స్‌కవేటర్ సీటు కొత్తవాడికి ఇవ్వరు, టిప్పర్ సీటు ఇస్తారు. గనిలో అడుగుపెట్టేది టిప్పర్‌తోనే. అందుకే హెవీ లైసెన్స్ ముందు, ఎక్స్‌కవేటర్ తర్వాత.

పరకాల_పెద్దోడు

హెవీ లైసెన్స్‌కు తమ్ముడి వయసు సరిపోతుందా?

కాజీపేట_జంక్షన్

సరిపోతుంది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు 20 నిండాలి, లైట్ లైసెన్స్ తీసుకుని ఏడాది దాటాలి. మీ వాడికి రెండూ ఉన్నాయి. ముందు లెర్నింగ్, తర్వాత డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్, తర్వాత టెస్ట్. సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో టైడ్స్ అని పెద్ద డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, ట్రాకులతో సహా. హెవీ నేర్చుకోవడానికి అక్కడ ఒకసారి అడుగు. గల్లీ డ్రైవింగ్ స్కూల్లో స్టీరింగ్ పట్టించి ఫోటో తీసి పంపేస్తారు.

మందమర్రి_మల్లె

ఇందులో అందరూ తమ్ముళ్ల గురించే మాట్లాడుతున్నారు. చెల్లెళ్లు కూడా ఉన్నారు. మా నాన్న భూగర్భ గనిలో చేసి రిటైరయ్యాడు. నాకు ఐటీఐ డీజిల్ మెకానిక్ ఉంది, హెవీ లైసెన్స్ కూడా పోయిన ఏడాది తీసుకున్నాను. రెండు సంస్థలకు ఫోన్ చేస్తే ఆడపిల్లలకు ఈ కోర్సు లేదమ్మా, కంప్యూటర్ నేర్చుకో అన్నారు. నిజంగా రూల్ ఏమైనా ఉందా?

సేఫ్టీ_టోపీ

లేదమ్మా, అలాంటి రూలే లేదు. ఒకప్పుడు గనుల్లో ఆడవాళ్లకు రాత్రిపూట పని నిషేధం, భూగర్భంలో పూర్తిగా నిషేధం. 2019 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ఆ రెండూ సడలించింది. ఆ నోటిఫికేషన్ ప్రకారం ఓపెన్ కాస్ట్‌లో రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు కూడా పెట్టుకోవచ్చు. కార్మికురాలు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, షిఫ్ట్‌లో కనీసం ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఉండాలి. పగటి షిఫ్టుకైతే ఓపెన్ కాస్ట్‌లో అడ్డు ఎప్పుడూ లేదు. కోర్సు లేదన్నది వాళ్ల మాటే తప్ప చట్టం మాట కాదు.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

చెల్లె, డీజిల్ మెకానిక్ చదివి ఉన్నావంటే మా సగం మంది కంటే నువ్వే ముందున్నావు. సింగరేణి ప్రతి ఏటా ఐటీఐ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది, ఆ నోటిఫికేషన్ వదలకు. ఏడాది పాటు స్టైపెండ్ ఇస్తారు, పెద్ద మెషిన్ల షెడ్‌లో పని నేర్చుకోవచ్చు. అది ఉద్యోగం కాదు, కానీ డబ్బు కట్టి నేర్చుకునేదానికంటే ఎన్నో రెట్లు మేలు.

మందమర్రి_మల్లె

థాంక్స్ అన్నా. అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేశాను. ఆ రెండు సంస్థలకు సేఫ్టీ గారి పోస్ట్ స్క్రీన్‌షాట్ పంపుతాను.

పెర్త్_పెద్దపల్లి

మాది పెద్దపల్లి దగ్గర, ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియాలో గనిలో పనిచేస్తున్నాను. ఆ ఏజెంట్ సంగతి నేను చెబుతాను.

ఇక్కడ ఇలాంటి కోర్సులు ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర నమోదైన శిక్షణ సంస్థలుంటాయి, ఆర్‌టీఓ అంటారు. మన రవాణా ఆఫీసు ఆర్టీఓ కాదు. అవన్నీ ట్రైనింగ్ డాట్ గవ్ డాట్ ఏయూ అనే సైట్‌లో ఉంటాయి, పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. మైనింగ్ యూనిట్ల కోడ్‌లు ఆర్‌ఐఐ అనే అక్షరాలతో మొదలవుతాయి. మెషిన్ నడిపే యూనిట్ అంటే నడిపి చూపించాలి, చూసినవాడు సంతకం పెట్టాలి. పరకాలలో ఫోన్ ముందు కూర్చుంటే అది ఎలా కుదురుతుంది? పైగా క్వీన్స్‌లాండ్ బొగ్గు గనుల్లోకి వెళ్లాలంటే స్టాండర్డ్ 11 అనే ఇండక్షన్ వేరేగా ఉంటుంది.

ఇక ముఖ్యమైనది. ఏ కోర్సు చేసినా వీసా రాదు. పని చేయడానికి హక్కు ఉన్న వీసా ముందు, టికెట్ (ఈ కోర్సు సర్టిఫికెట్‌ను ఇక్కడ అలా అంటారు) తర్వాత. ఇక్కడివాళ్లే టికెట్ తీసుకుని, గంటల అనుభవం లేదని ఉద్యోగం దొరక్క తిరుగుతుంటారు. లక్షా 80 వేలు నీళ్లలో పోసుకోవద్దు తమ్మీ.

పరకాల_పెద్దోడు

ఏజెంట్ నంబర్ బ్లాక్ చేశాను. ఇక హనుమకొండ, కరీంనగర్ రెండే. ఓసీపీ అన్నా, నేను మళ్లీ వెళ్లి చూద్దామనుకుంటున్నాను. వెళ్తే ఏం చూడాలి, ఏం అడగాలి? నాకు మెషిన్ల గురించి ఏమీ తెలియదు.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

నీకు మెషిన్ తెలియక్కర్లేదు. అవర్ మీటర్ చదవడం వస్తే చాలు.

ప్రతి ఎక్స్‌కవేటర్‌లో, డంపర్‌లో ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటర్ ఉంటుంది. మన మోటార్ సైకిల్‌కు కిలోమీటర్లు ఎలాగో దానికి గంటలు అలాగ. సీటులో కూర్చుంటే ఎదురుగానో కుడి పక్కనో కనపడుతుంది. తమ్ముణ్ణి సీటులో కూర్చోబెట్టి ఫోటో తీస్తానని చెప్పు, ఎవరూ వద్దనరు. ఆ ఫోటోలో మీటర్ పడేట్టు తీయి. మూడు నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లి ఇంకో ఫోటో తీయి. రెండు అంకెల మధ్య తేడానే ఆ రోజుల్లో పిల్లలు నేర్చుకున్న గంటలు.

ఇంకో మూడు ప్రశ్నలడుగు. హాల్ రోడ్డు (గనిలో డంపర్లు నడిచే దారి) వాలు ఎంత ఉండాలి? 16 అడుగులకు ఒక అడుగు అని వెంటనే చెప్పాలి. లోడుతో దిగేటప్పుడు బండి ఎలా దింపాలి? ముందే గేరు తగ్గించి రిటార్డర్ (వాలులో వేగం పెరగకుండా పట్టే బ్రేకు) మీద దింపాలి, న్యూట్రల్ మాట ఎత్తకూడదు. డంపర్‌లో కుడి పక్క టైరు దగ్గర మనిషి నిలబడితే ఆపరేటర్‌కు కనపడతాడా? క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది, కనపడడు. ఈ మూడో ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడు. గనిలో చేసినవాడైతే ఊరికే కనపడడు అని ఆగడు, తాను చూసిన ఒక సంఘటన చెబుతాడు. మా అందరి దగ్గరా అలాంటిది ఒకటి ఉంటుంది.

గోదారిఖని_చిన్నా

అవర్ మీటర్ ఐడియా నాకు ఇన్నేళ్లలో తట్టలేదు అన్నా. దండం.

లెక్కల_లక్ష్మణరేఖ

ఫీజులో డీజిల్ ఉందా లేదా అన్నది కూడా అడుగు. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఇవన్నీ రసీదు మీద రాయించుకో.

పరకాల_పెద్దోడు

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. అన్నీ చూసి వచ్చాం.

ముందుగా కళ్లు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఒక కంటి డాక్టరుకు చూపించాం. చుక్కల పుస్తకం మొత్తం తమ్ముడు చదివేశాడు. చదువుతున్నంతసేపూ నాకు చెలిమె అన్నే గుర్తొచ్చాడు.

హనుమకొండ సంస్థ వాళ్ల గ్రౌండ్ ఊరి బయట ఉంది. బుధవారం వెళ్లాం. తమ్ముణ్ణి ఎక్స్‌కవేటర్ ఎక్కించి ఫోటో తీశాను, మీటర్ మీద 6214.3 ఉంది. శనివారం మళ్లీ వెళ్లాం, 6214.3. పాయింటు కూడా కదల్లేదు. సీటు మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద దుమ్ము, బుధవారం తమ్ముడు కూర్చున్న గుర్తు ఇంకా అలాగే ఉంది. గేటు దగ్గర నలుగురు పిల్లలు చెట్టు కింద కూర్చుని ఉంటే మాట్లాడాను. డీజిల్‌కు విడిగా డబ్బులు అడుగుతున్నారట, అందరూ కలిసి వేసుకున్న రోజే బండి స్టార్ట్ చేస్తారట. వాళ్లు ముందే మొత్తం ఫీజు కట్టేశారు. అందులో ఒకడిది మా పక్క ఊరే, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఆ పిల్లవాడి ముఖం చూడలేకపోయాను.

చెన్నూరు_చెలిమె

తమ్ముడి కళ్లు బాగున్నాయని విని చాలా సంతోషం. నిజంగా.

ఆ నలుగురు పిల్లల దగ్గర రసీదులున్నాయా? ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. నేను అప్పుడు పెట్టలేదు, ఇప్పటికీ బాధపడుతున్నాను.

పరకాల_పెద్దోడు

రసీదులున్నాయట. నంబర్లు తీసుకున్నాను, ఆదివారం కలుస్తామన్నారు. మీరు చెప్పిన మాట చెబుతాను.

కరీంనగర్ సంగతి. సోమవారం వెళ్తే మీటర్ 9031.5. శుక్రవారం వెళ్తే 9052.1. నాలుగు రోజుల్లో ఇరవై గంటల పైనే. బ్యాచ్‌లో ఎనిమిది మంది. రెండుసార్లూ ఒక పిల్లవాడు సీటులో ఉన్నాడు, సారు ట్రాక్ పక్కన కాస్త దూరంలో నిలబడి చేత్తో సైగలు చేస్తున్నాడు. డీజిల్ ఫీజులోనే. ఫీజు రెండు వాయిదాలు, రసీదు మీద రాసిచ్చారు. సర్టిఫికెట్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కౌన్సిల్‌ది, మైనింగ్‌ది కాదని వాళ్లే ముందు చెప్పారు. పోయిన బ్యాచ్ అబ్బాయి సర్టిఫికెట్ స్కాన్ చేశాను, పేరు వచ్చింది.

ఓసీపీ అన్నా, మూడో ప్రశ్న అడిగాను. సారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సర్వే వాళ్ల హెల్పర్ ఒకతను ఉండేవాడు బాబూ, అని మొదలుపెట్టాడు. పావుగంట చెప్పాడు. తమ్ముడు అక్కడే నిర్ణయం తీసుకున్నాడు.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

అక్కడే కట్టు.

రామప్ప_రాయి

38 వేలు ఎక్స్‌కవేటర్‌కు పోగా మిగిలింది హెవీ లైసెన్స్‌కు పెట్టుకోండి. రెండూ అయ్యాక ఖాళీగా ఉంటే మా క్వారీలో హెల్పర్‌గా నేను మాట్లాడతాను, చేయి ఆరిపోకుండా ఉంటుంది.

మానేరు_ఒడ్డు

నేను ఒక్క రూపాయి కట్టొద్దని గట్టిగా అన్నాను. మీటర్ ఫోటోల సంగతి చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పరకాల_పెద్దోడు

హెవీ లెర్నింగ్‌కు మంగళవారం స్లాట్ దొరికింది. అది చేతికి రాగానే మండేపల్లిలో అడిగి చూస్తాం. కరీంనగర్‌లో వచ్చే నెల మొదటి బ్యాచ్‌కు సగం ఫీజు కట్టాం. ఇంట్లో వాడు ఇప్పుడు నా మోటార్ సైకిల్ తీసే ముందు కూడా చుట్టూ తిరిగి చూస్తున్నాడు.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్

కోర్సు అయ్యాక ఇక్కడే ఒక మాట రాయి. ట్రయల్ ఎప్పుడు పెడతారో మా ఫోర్‌మన్‌ను అడిగి చెబుతాను. ఉద్యోగం ఇప్పిస్తానని అనట్లేదు, ట్రయల్ దాకానే.

మందమర్రి_మల్లె

కరీంనగర్ బ్యాచ్‌లో ఇంకా ఖాళీ ఉందా అన్నా? ఆడపిల్లలను తీసుకుంటారా?

పరకాల_పెద్దోడు

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను చెల్లె. రెండు సీట్లున్నాయట, తీసుకుంటామన్నారు. మీ ఇంటి నుంచి ఎవరినైనా తీసుకుని వెళ్లి ఒకసారి గ్రౌండ్ చూసిరా. నేను శుక్రవారం చూసినప్పుడు 9052.1 ఉంది.